పొగమంచు తాగే నమీబ్ పురుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నైరుతి ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో బతికే ఒక నల్లని పెంకు పురుగు గురించి గత సంచికలో ఒక చిన్న పరిచయం ప్రచురించాం. ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ అనే ఆ పురుగు పొగమంచు నుంచి నీళ్లు తాగుతుందని, అది డార్క్‌లింగ్ బీటిల్స్ అని పిలిచే టెనెబ్రియోనిడే కుటుంబానికి చెందినదని అందులో చెప్పాం. దానిపై వచ్చిన ప్రశ్నలలో ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి ఇక్కడ వివరంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పొగమంచు అంటే గాలిలో తేలియాడే అతి సన్నని నీటి తుంపరలే కదా. రెండు సెంటీమీటర్ల పురుగు వాటిని పట్టుకొని తాగడం ఎలా సాధ్యం? దీనిని ఎవరైనా కళ్లారా చూశారా, లేక ఇది ఊహేనా?

జవాబు: చూశారు, తూచి కొలిచారు కూడా. విలియం హామిల్టన్, మేరీ సీలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1976లో 'నేచర్' పత్రికలో ఈ విషయాన్ని ప్రకటించారు. నమీబియాలో అట్లాంటిక్ తీరానికి దాదాపు 60 కిలోమీటర్ల లోపల, కూయిసెబ్ నది ఒడ్డున ఉన్న గోబాబెబ్ పరిశోధనా కేంద్రం ఈ పురుగుల అధ్యయనానికి పుట్టినిల్లు. ఆ నదిలో ఏడాదిలో చాలా భాగం నీరు కనబడదు; అయినా అప్పుడప్పుడు వచ్చే వరద, దక్షిణం వైపు నుంచి కదిలి వచ్చే ఇసుకను తనతో తీసుకుపోతుంది కాబట్టి ఇసుక దిబ్బలు నదిని దాటి ఉత్తరానికి పోలేకపోయాయి. అందుకే అక్కడ నిలబడితే ఒక పక్క ఎత్తైన ఇసుక దిబ్బల సముద్రం, మరో పక్క గులకరాళ్ల మైదానం కనిపిస్తాయి. 1962లో ఆ కేంద్రాన్ని నెలకొల్పిన చార్లెస్ కోచ్ స్వయంగా టెనెబ్రియోనిడే కుటుంబపు నిపుణుడు. నమీబ్‌లో ఈ కుటుంబానికి చెందిన జాతులు సుమారు 200 ఉన్నాయి. ఇంత పొడి నేలలో ఒకే కుటుంబం ఇన్ని జాతులుగా విస్తరించడమే ఆయనను అక్కడికి రప్పించింది.

ముందుగా పొగమంచు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి. ఆఫ్రికా పడమటి తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం సాగుతుంది. లోతుల్లోని చల్లని నీరు అక్కడ పైకి ఉబికి వస్తూ ఉంటుంది. ఆ నీటి మీదుగా వచ్చే గాలి చల్లబడి, అందులోని తేమ మేఘంగా, పొగమంచుగా మారి, రాత్రివేళ తీరం దాటి ఎడారి లోపలికి చొచ్చుకువస్తుంది. వాన కురిపించే ఎత్తైన మేఘాలు ఏర్పడటానికి మాత్రం ఆ చల్లని గాలి సహకరించదు. గోబాబెబ్‌లో ఏడాదికి సగటున పడే వాన సుమారు 25 మిల్లీమీటర్లకు మించదు, అది కూడా ఏ ఏడాది ఎంత పడుతుందో చెప్పలేం. పొగమంచు అలా కాదు: ఏడాదిలో సుమారు 60 రోజులు, కొన్ని రోజుల ఎడబాటుతోనో కొన్ని వారాల ఎడబాటుతోనో, మళ్లీ మళ్లీ వస్తుంది. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ అది పలచబడిపోతుంది కాబట్టి ఈ పురుగు జీవితమంతా ఆ తేమగాలి చేరగలిగినంత మేరకే పరిమితమై ఉంటుంది.

ఇప్పుడు పురుగు చేసే పని చూద్దాం. ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ పగటి జీవి. ఎండ కాస్తుండగా దిబ్బ వాలు మీద తిరిగి, చీకటి పడేసరికి ఇసుకలోకి దిగి పడుకుంటుంది. మామూలు రోజున తెల్లవారుజామున అది బయటకు రాదు, ఎందుకంటే ఆ చలిలో దాని కాళ్లు చురుకుగా కదలవు. కానీ పొగమంచు వచ్చిన వేళ తన దినచర్యను పక్కనపెట్టి, ఆ చలిలోనే ఇసుకలో నుంచి లేచి, నెమ్మదిగా దిబ్బ కొన మీదికి ఎక్కుతుంది. కొన మీదికే ఎందుకంటే గాలి అక్కడే జోరుగా వీస్తుంది. గాలి ఎంత జోరుగా ఉంటే అంత ఎక్కువ పొగమంచు ఒంటిని తాకుతూ పోతుంది. కొన మీద గాలికి ఎదురుగా నిలబడి, పొడవైన వెనుక కాళ్లను చాచి పొట్ట చివరి భాగాన్ని పైకి లేపి, తలను ఇసుకకు దగ్గరగా దించుతుంది. అలా నిలబడినప్పుడు వాలిన వీపు మొత్తం తేమగాలికి ఎదురవుతుంది. మొదట ఆ నల్లని వీపు మీద బూడిద చల్లినట్టు సన్నని తడి కనిపిస్తుంది, తరవాత అది చిన్న చిన్న బిందువులుగా కలుస్తుంది, బిందువులు బరువెక్కి వాలు వెంబడి తల వైపు జారి, చివరికి నోటి దగ్గర వేలాడతాయి. పురుగు కదలకుండా అక్కడే వాటిని తాగుతుంది.

హామిల్టన్, సీలీ పురుగులను పొగమంచుకు ముందు, తరవాత తూచి చూశారు. ఒక ఉదయంలో అవి సగటున తమ బరువులో 12 శాతం నీరు తాగాయి. అత్యధికంగా 34 శాతం వరకు తాగిన పురుగు కూడా ఉంది. 60 కిలోల మనిషి ఒక్క పూటలో 20 లీటర్ల నీరు తాగితే ఎంతో, ఆ చిన్న ప్రాణికి ఇది అంత.

ప్రశ్న: నేను జంతుశాస్త్ర విద్యార్థిని. నమీబ్ పురుగు వీపు మీద గుబ్బలు ఉంటాయని, ఆ గుబ్బల కొనలు నీటిని ఆకర్షిస్తాయని, వాటి మధ్య పల్లాలు నీటిని తోసివేస్తాయని, అందువల్లనే అది పొగమంచును పట్టగలుగుతుందని చదివాను. మీ పరిచయంలో గుబ్బల ప్రస్తావనే లేదు. కారణం చెప్పగలరా?

జవాబు: మీరు అడిగినది ఈసారి వచ్చిన ప్రశ్నలన్నింటిలోకీ ముఖ్యమైనది. గుబ్బల మాట మేము రాయకపోవడానికి కారణం ఒక్కటే: దిబ్బ కొన మీద తలదించి నీళ్లు తాగే ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ వీపు మీద అటువంటి గుబ్బలు లేవు. దాని వీపు నునుపుగా, పొడవునా సన్నని గాడులతో ఉంటుంది. మీరు చదివినది వేరే పురుగు గురించి. ఆ రెండు కథలు కలిసిపోయి, పుస్తకాల్లోనూ బొమ్మల్లోనూ ఒకే పురుగు కథగా స్థిరపడిపోయాయి. పేరున్న పుస్తకాలలో సైతం ఈ కలగలుపు ఇప్పటికీ కొనసాగుతుండటం మాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీనివల్ల పురుగు చేసే పని మరుగున పడి, దాని పెంకు ఒక్కటే ఘనత పొందుతోంది.

కథ 2001లో మొదలైంది. ఆండ్రూ పార్కర్, క్రిస్ లారెన్స్ అనే ఇద్దరు 'నేచర్' పత్రికలోనే, స్టెనోకారా అని తాము పేర్కొన్న ఒక నమీబ్ పురుగు పెంకును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి రాశారు. ఆ పెంకు మీద సుమారు అర మిల్లీమీటరు వెడల్పున్న గుబ్బలు ఉన్నాయి. గుబ్బల కొనల మీద మైనం లేదు, కాబట్టి నీరు అక్కడ అంటుకుంటుంది. మధ్యలోని పల్లాలకు మాత్రం మైనపు పూత ఉంది, కాబట్టి అక్కడ నీరు నిలవదు. కొన మీద చేరిన బిందువు పెరిగి పెరిగి, తన బరువే అంటుకునే బలాన్ని మించినప్పుడు జారి కిందికి దొర్లుతుందని వారు వివరించారు. మైనంలో చిన్న గాజుపూసలను పొదిగి, ఆ నమూనా మీద కూడా ఇది జరుగుతుందని చూపారు. భౌతికశాస్త్రపరంగా ఈ ఆలోచన అందమైనది, ఉపయోగకరమైనది కూడా. నీటిని ఆకర్షించే చుక్కలు, తోసివేసే నేపథ్యం కలిసిన ఉపరితలాలను తరవాతి సంవత్సరాల్లో ఎన్నో ప్రయోగశాలల్లో తయారు చేశారు. వాటి విలువను మేము తక్కువ చేయడం లేదు.

చిక్కు జీవశాస్త్రం వైపు ఉంది. నమీబ్‌లో ఏళ్ల తరబడి పురుగులను గమనించిన హామిల్టన్, హెన్షెల్, సీలీ 2003లో ఒక సవరణ రాశారు: స్టెనోకారా పొగమంచులో తలదించి నిలబడే పురుగు కాదు. పార్కర్, లారెన్స్ చిత్రంలో కనిపించిన పురుగును కూడా తరవాత ఫిసాస్టెర్నా క్రిబ్రిపెస్ అనే వేరే జాతిగా గుర్తించారు. నమీబ్‌లోని సుమారు 200 డార్క్‌లింగ్ బీటిల్ జాతుల్లో ఇలా వీపును గాలికి ఎదురుగా పెట్టి నీరు తాగుతాయని నిర్ధారణ అయినవి ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్, దాని దగ్గరి బంధువు ఒనిమాక్రిస్ బైకలర్ మాత్రమే.

2010లో థామస్ నోర్గార్డ్, మేరీ డాకె ఈ ప్రశ్నను నేరుగా పరీక్షకు పెట్టారు. నునుపు వీపు పురుగులనూ గుబ్బల వీపు పురుగులనూ, మొత్తం నాలుగు జాతులను, కృత్రిమ పొగమంచు గదిలో ఉంచారు. బతికి ఉన్న పురుగుల్లో అంగ్విక్యులారిస్ ఒక్కటే తలదించి నిలబడింది. ఆ భంగిమలో దాని శరీరం సుమారు 23 డిగ్రీలు వాలింది. తరవాత చనిపోయిన పురుగులను అదే వాలులో అమర్చి, ఏ వీపు నుంచి ఎంత నీరు కారుతుందో కొలిచారు. పెద్ద పురుగు ఎక్కువ పట్టింది, చిన్నది తక్కువ పట్టింది; కానీ ఒకే వైశాల్యానికి లెక్కకట్టి చూస్తే నునుపు వీపుకూ గుబ్బల వీపుకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంటే ఈ పురుగును నీటి దగ్గరికి చేర్చేది ముఖ్యంగా దాని ప్రవర్తన: సమయానికి లేవడం, కొన ఎక్కడం, గాలి దిక్కు పసిగట్టడం, ఆ వాలులో ఓపికగా నిలబడటం.

అయితే గుబ్బల వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. 2020లో గాలి సొరంగంలో కృత్రిమ గోళాల మీద జరిగిన ప్రయోగాల్లో, గుబ్బలున్న ఉపరితలం గాలిలోని తుంపరలను నునుపుదానికంటే ఎక్కువగా పట్టుకున్నట్లు తేలింది. కాబట్టి గుబ్బలు తుంపరలను పట్టడంలో సహాయపడగలవు. కానీ ఆ గుబ్బలున్న పురుగులు పొగమంచుకు వీపు చూపి నిలబడే అలవాటు ఉన్నవి కావు, నిలబడే పురుగుకు గుబ్బలు లేవు. మీ పరీక్షలో ఈ విషయం రాయవలసి వస్తే జాతి పేరు, పరిశోధన సంవత్సరం వేరువేరుగా రాయండి, ఏ గందరగోళం ఉండదు.

మరొక మాట. చాలామంది దీనిని మంచుబిందువులు ఏర్పడటంతో పోలుస్తారు. చల్లబడిన ఆకు మీద గాలిలోని నీటి ఆవిరి ద్రవంగా మారి బిందువు కడుతుంది; అది వేరే ప్రక్రియ. పొగమంచులో నీరు అప్పటికే ద్రవరూపంలో, మిల్లీమీటరులో వందల వంతు పరిమాణం గల తుంపరలుగా ఉంటుంది. పురుగు వాటికి అడ్డు నిలబడుతుంది. ఆవిరిని నీరుగా మార్చవలసిన పని దానికి లేదు. గాలి ఆ చిన్న శరీరాన్ని చుట్టుకొని పక్కకు తిరిగిపోతుంది, కానీ గాలికంటే బరువైన తుంపరలు అంత త్వరగా తిరగలేక వచ్చి వీపును తాకుతాయి.

ప్రశ్న: పొగమంచు కొన్ని వారాలపాటు రాకపోతే ఈ పురుగు దాహంతో చచ్చిపోదా?

జవాబు: చచ్చిపోదు. తాగిన నీటిని పోగొట్టుకోకుండా చూసుకునే ఏర్పాటు దాని శరీరంలోనే ఉంది. నిజానికి ఈ కుటుంబపు గొప్పతనమంతా నీరు సంపాదించడంలో కంటే నీరు దాచుకోవడంలోనే ఉందని మా అభిప్రాయం. పొగమంచును ఒంటితో పట్టి తాగడం ఒకటి రెండు జాతులకే తెలిసిన విద్య. నీటిని దాచుకోవడం మాత్రం ఎడారిలోని డార్క్‌లింగ్ బీటిల్స్ అన్నింటికీ ఉన్న సామర్థ్యం.

మొదట పెంకు. కీటకాల శరీరాన్ని కప్పే అవభాసిని మీద కొవ్వు, మైనం కలిసిన పలచని పొర ఉంటుంది. ఎడారి జాతుల్లో ఆ పొర నీటిని బయటకు పోనివ్వకుండా గట్టిగా అడ్డుకుంటుంది. సాధారణంగా పెంకు పురుగుల ముందు రెక్కలు గట్టి పెంకులుగా మారి, ఎగిరేటప్పుడు విచ్చుకుంటాయి. ఒనిమాక్రిస్ పురుగుల్లో ఆ రెండు పెంకులూ నడుమ అతుక్కుపోయాయి. ఈ పురుగు ఎగరలేదు. పెంకుల కింద, ఉదరం పైన ఒక గాలి గది ఏర్పడి ఉంటుంది. ఉదరంలోని శ్వాసరంధ్రాలు బయటి పొడి గాలిలోకి కాకుండా ఆ గదిలోకి తెరుచుకుంటాయి. ఊపిరితో పోయే తేమను ఆ గది తగ్గిస్తుందని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా భావిస్తున్నారు.

అన్నింటికంటే ఆశ్చర్యపరిచేది పేగు చివర ఉంది. కీటకాలకు మూత్రపిండాలు ఉండవు. ఆ పనిని మాల్పిజీ నాళికలు అనే సన్నని గొట్టాలు చేస్తాయి. చాలా కీటకాల్లో ఈ గొట్టాల చివరలు శరీర కుహరంలో స్వేచ్ఛగా తేలుతుంటాయి. డార్క్‌లింగ్ బీటిల్స్‌లో మాత్రం అవి వెనక్కి వంగి, పురీషనాళం గోడకు దగ్గరగా అతుక్కొని, చుట్టూ ఒక పొరతో కప్పబడి ఉంటాయి. ఆ గొట్టాల్లోకి పొటాషియం క్లోరైడ్ లవణం చాలా ఎక్కువ గాఢతలో చేరుతుంది. గాఢమైన లవణద్రావణం పక్కనున్న తడిని తనవైపు లాగుతుంది కదా, అలాగే పురీషనాళంలోని మలం నుంచి నీరు ఆ గొట్టాల్లోకి, అక్కడి నుంచి తిరిగి శరీరంలోకి చేరుతుంది. బయటకు పడేది దాదాపు పొడి గుళిక. ఈ వ్యవస్థ ఎంత శక్తివంతమైనదంటే, ఇదే కుటుంబానికి చెందిన టెనెబ్రియో మోలిటార్ లార్వా, గాలిలో సాపేక్ష ఆర్ద్రత 88 శాతం దాటినప్పుడు పురీషనాళం ద్వారా గాలిలోని ఆవిరిని సైతం పీల్చుకోగలదు.

ఇక నీరు తగ్గుతున్నకొద్దీ రక్తం చిక్కబడకుండా చూసుకోవడం మరొక నేర్పు. ఒనిమాక్రిస్ జాతులపై జరిగిన ప్రయోగాల్లో, పురుగు ఎండిపోతున్నప్పుడు శరీరద్రవం పరిమాణం బాగా తగ్గినా అందులోని లవణాల గాఢత పెద్దగా మారలేదు. అదనపు లవణాలను ద్రవం నుంచి తొలగించి వేరే చోట ఉంచుకొని, నీరు దొరికినప్పుడు తిరిగి కలుపుకోగల శక్తి దానికి ఉంది. అందుకే ఒకే ఉదయం తన బరువులో మూడో వంతు నీరు తాగినా దాని కణాలు దెబ్బతినవు. తాగినదంతా వెంటనే బయటకు పంపకుండా తరవాతి పొడి రోజుల కోసం నిలవ చేసుకుంటుంది. తిన్న ఆహారం శరీరంలో దహనమైనప్పుడు పుట్టే కొద్దిపాటి నీరు కూడా ఈ నిలవకు తోడవుతుంది.

ప్రశ్న: మొక్క కూడా మొలవని ఇసుక దిబ్బ మీద అది ఏం తింటుంది? గుడ్లు ఎక్కడ పెడుతుంది? దానికి శత్రువులు లేవా?

జవాబు: దిబ్బ కొన దగ్గర పచ్చదనం ఉండదన్న మాట నిజమే. కానీ ఎక్కడో పెరిగి ఎండిన గడ్డి పరకలు, విత్తనాల పొట్టు, చచ్చిన కీటకాల ముక్కలు గాలికి కొట్టుకొచ్చి, దిబ్బకు గాలిచాటు వైపున్న జారుడు వాలు అడుగున పోగుపడతాయి. గాలి మోసుకొచ్చే ఈ చెత్తే నమీబ్ దిబ్బల మీద జీవానికి ఆధారం. మన పురుగు ఆ వాలు మీద పరుగులు తీస్తూ దానిని ఏరుకొని తింటుంది. పొగమంచు కురిసిన ఉదయాన ఆ ఎండు పరకలు కూడా తేమ పీల్చుకొని మెత్తబడతాయి కాబట్టి ఆ పూట తిండిలోనూ నీరు దొరుకుతుంది. ఆ చెత్తను విరిచి, నమిలి, మళ్లీ ఇసుకలో కలపడం ద్వారా ఈ పురుగులు దిబ్బ మీది పోషకాలను తిరిగి చలామణిలోకి తెస్తాయి.

గాలిచాటు వాలు తిండికే కాదు, ప్రాణరక్షణకూ అవసరం. అక్కడి ఇసుక ముట్టుకుంటే జారిపోయేంత వదులుగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం ఇసుక పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పొడవైన కాళ్లు శరీరాన్ని ఆ వేడికి కాస్త ఎత్తులో నిలుపుతాయి. అదీ చాలనప్పుడు పురుగు తలను ఇసుకలోకి గుచ్చి, కాళ్లతో ఈదినట్టు తోసుకుంటూ క్షణాల్లో కనుమరుగవుతుంది. కొన్ని సెంటీమీటర్ల లోతులోనే చల్లదనం దొరుకుతుంది. శత్రువు వెంటబడినప్పుడు కూడా అదే చేస్తుంది. ఆ ఎడారిలో తిరిగే నమాక్వా ఊసరవెల్లి ఈ కుటుంబపు పురుగులను విరివిగా తింటుంది. పక్షులు, బల్లులు కూడా వీటి కోసం కాచుకొని ఉంటాయి. డార్క్‌లింగ్ బీటిల్స్‌లో చాలా జాతులకు శత్రువు మీద చిమ్మే ఘాటైన క్వినోన్ రసాయనాల గ్రంథులు ఉదరంలో ఉంటాయి. ఒనిమాక్రిస్ చెందిన పిమెలీనే అనే ఉపకుటుంబానికి ఆ గ్రంథులు లేవు. దానికి ఉన్నది గట్టి పెంకు, వేగంగా పరుగెత్తే కాళ్లు, కిందనున్న వదులైన ఇసుక.

గుడ్లు ఇసుకలోనే పెడుతుంది. సన్నగా, పొడవుగా, గట్టి చర్మంతో ఉండే లార్వా ఇసుకలోనే తిరుగుతూ అక్కడ పూడిపోయిన ఎండు చెత్తను తిని పెరుగుతుంది, అక్కడే ప్యూపాగా మారుతుంది. పెద్ద పురుగుగా మారేవరకు దాని జీవితమంతా దిబ్బ లోపలే గడిచిపోతుంది.

ప్రశ్న: నిలవ ఉన్న పిండిలో కనిపించే ఎర్రని చిన్న పురుగు కూడా ఈ కుటుంబానిదేనని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: నిజమే. దాని శాస్త్రీయ నామం ట్రైబోలియం కాస్టేనియం. టెనెబ్రియోనిడే కుటుంబంలో ప్రపంచమంతటా 20,000కు పైగా జాతులు ఉన్నాయి. అడవుల్లో కుళ్లిన కలపలో బతికేవి, పుట్టగొడుగుల మీద బతికేవి, ఎడారుల్లో బతికేవి అన్నీ ఇందులో ఉన్నాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల పిండి పురుగుకూ నమీబ్ పురుగుకూ రూపంలో పోలిక తక్కువే అయినా కాళ్లు చూస్తే చుట్టరికం తెలుస్తుంది: మొదటి రెండు జతల పాదాల్లో అయిదేసి కణుపులు, చివరి జత పాదాల్లో నాలుగేసి కణుపులు ఉంటాయి. పిండి పురుగు పేగు చివర కూడా పైన చెప్పిన నీటి పొదుపు వ్యవస్థే ఉంది. పొడి పిండిలో అది తరతరాలుగా బతకగలగడానికి అదే ప్రధాన కారణం. 2008లో దీని జన్యుక్రమాన్ని పూర్తిగా చదివి ప్రచురించారు. పెంకు పురుగులన్నింటిలో ఆ గౌరవం మొదట దీనికే దక్కింది. కాబట్టి ఎడారి పురుగుల శరీరధర్మాన్ని జన్యువుల స్థాయిలో అర్థం చేసుకోవాలనుకునేవారు ఇప్పుడు పిండి పురుగు నుంచే మొదలుపెడుతున్నారు.

ప్రశ్న: పొగమంచు నీటి కోసం ఇసుకలో కాలువలు తవ్వే పురుగు కూడా ఉందంటారు. అది ఇదేనా?

జవాబు: కాదు, అది లెపిడోకోరా అనే వేరే ప్రజాతి. ఇవి గుండ్రంగా, బల్లపరుపుగా, బిళ్ల ఆకారంలో ఉండే రాత్రి పురుగులు. పొగమంచు రాత్రి అవి ఇసుక మీద గాలికి అడ్డంగా నడుస్తూ సన్నని కాలువ తీస్తాయి; తీసిన ఇసుక ఇరుపక్కలా చిన్న గట్లుగా లేస్తుంది. చదునైన ఇసుక కంటే ఆ గట్లు గాలికి ఎక్కువగా ఎదురై ఎక్కువ తేమ పట్టుకుంటాయి. పురుగు తిరిగి అదే దారిన వస్తూ గట్టు మీది తడి ఇసుకను నోటితో పిండుకుంటుంది. ఇది కూడా సీలీ, హామిల్టన్ 1976లోనే, 'సైన్స్' పత్రికలో ప్రకటించిన విషయం. ఒకే దిబ్బ మీద, ఒకే పొగమంచును, ఒక పురుగు తన ఒంటితోనూ మరొకటి ఇసుక గట్టుతోనూ పట్టుకోవడం మాకు ఎంతో ముచ్చట గొలిపే సంగతి.

ప్రశ్న: పొగమంచు ఉంటే చాలు, వాన లేకపోయినా ఈ పురుగులు ఎన్నేళ్లయినా బతికేస్తాయా?

జవాబు: ఒక్కొక్క పురుగు విషయంలో కొంతవరకు అవునని చెప్పవచ్చు, జాతి విషయంలో మాత్రం కాదు. పొగమంచు ఇచ్చేది నీరు; తిండి ఇచ్చేది గడ్డి, ఆ గడ్డి మొలవడానికి వాన కావాలి. 1976లో గోబాబెబ్ ప్రాంతంలో 100 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. సగటు ఏడాది వానకు అది ఎన్నో రెట్లు. దిబ్బల నడుమ గడ్డి ఏపుగా పెరిగింది, దానితోపాటు పురుగుల సంఖ్య కూడా బాగా పెరిగింది. ఆ గడ్డి చచ్చి, ఎండి, గాలికి విరిగి తరవాతి ఏళ్లలో జారుడు వాలుల దగ్గరికి కొద్దికొద్దిగా చేరుతూ వచ్చింది. ఎడారిలో ఎండిన పరక త్వరగా కుళ్లదు. తేమ లేదు కాబట్టి బూజు, సూక్ష్మజీవులు దానిని తినేయలేవు. అందువల్ల ఒక మంచి వాన ఇచ్చిన తిండి ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది.

వాన దశాబ్దానికి ఒకటి రెండుసార్లు గట్టిగా పడి తిండి నిలవను నింపుతుంది; పొగమంచు ఏడాది పొడవునా వచ్చిపోతూ, ఆ పొడి తిండిని తిని బతకడానికి కావలసిన నీటిని అందిస్తుంది. పొగమంచు తాగడం చేతకాని జాతులు వానలు లేని దీర్ఘకాలంలో తిండి ముందున్నా నీటి లోటును తట్టుకోవలసి వస్తుంది. అంగ్విక్యులారిస్‌కు ఆ ఇబ్బంది తక్కువ. దానికి కరువు మొదలయ్యేది దిబ్బ అడుగున పోగుపడిన ఎండు గడ్డి అయిపోయినప్పుడే.